చిన్నప్పటి నుంచి కంప్యూటర్ అంటే ప్రాణం

హనుమకొండ చౌరస్తాలో మళ్లీ కొత్త ఫ్లెక్సీ పడింది. కోటు తొడుక్కున్న పిల్లగాడు, వెనుక స్వేచ్ఛా విగ్రహం, కింద పెదనాన్న మొదలు ఒడిలోని మరదలి దాకా శుభాకాంక్షలు తెలిపేవారి ఫొటోలు. వీసా వచ్చిందట. డిగ్రీ వస్తే మాత్రం ఎవరూ కట్టరు, గమనించారా?

పోయినేడు మా మేనల్లుడిదీ కట్టారు. అంతకుముందు వాడితో పాటు నక్కలగుట్టలోని ఒక కన్సల్టెన్సీకి నేనూ పోయాను. అక్కడ ఎస్ఓపీ అనే మహాకావ్యం పుట్టడం కళ్లారా చూశాను. ఆ చదువే ఎందుకు కావాలో విద్యార్థి తన మాటల్లో రాసుకోవాల్సిన కాగితం అది. మేడమ్ పాత ఫైలు తెరిచింది, ఎవరిదో పేరు తీసి మావాడి పేరు పెట్టింది. నాకిచ్చిన ఛాయ్ ఇంకా చల్లారలేదు, కావ్యం పూర్తయింది.

చదివాను. మావాడికి చిన్నప్పటి నుంచి కంప్యూటర్ అంటే ప్రాణమట. ఐదో పుట్టినరోజుకు తాతయ్యే కొనిచ్చాడట. మా నాన్న ఆ ఏడు అంగడిలో కొన్నది బర్రెను. మూడో పేరాలో 'ఊళ్లో ఆడపిల్లగా ఎన్నో అడ్డంకులు దాటి' అని ఉంది.

"మేడమ్, వీడు మగపిల్లగాడు."

"అయ్యో, అది పోయినసారి అమ్మాయిది సార్, మారుస్త."

'ఆడపిల్లగా' తీసి 'మగపిల్లగాడిగా' అని పెట్టింది. అడ్డంకులను మాత్రం ముట్టుకోలేదు. మగపిల్లగాడిగా పుట్టినందుకు అడ్డంకులు దాటినవాడు మా వంశంలో వీడొక్కడే.

"ఒక్కసారి చదువుకోరాదురా" అంటే, "ఎందుకు మామా, అందరియి గట్లనే ఉంటయి" అన్నాడు. వాణ్ని ఏమనాలి? సీనియర్ రికార్డు చూసి రికార్డు రాసి, అమీర్‌పేటలో ప్రాజెక్టు కొని, ప్రశ్న అడిగితే ఇంటర్నల్ మార్కులు పోతాయని నాలుగేళ్లు నోరు కుట్టుకున్నవాడు.

అమెరికా పోయాక మొదటి అసైన్‌మెంట్‌కే దొరికాడు. ఎక్కడి నుంచి తీసుకున్నాడో చెప్పకుండా రెండు పేరాలు ఎత్తితే అక్కడ దొంగతనం కిందే లెక్క. సున్నా వేసి, విచారణకు పిలిచారు. ప్రొఫెసర్‌ను అడగలేకపోయావా అంటే అదో కథ. ఆఫీస్ అవర్స్ అని ఆయన వారానికి కొన్ని గంటలు విద్యార్థుల కోసమే కూర్చుంటాడు. సార్ బిజీగా ఉండే టైమనుకుని మావాడు ఆ గంటల్లో అటువైపే పోలేదు. పైగా ఆయన తనను పేరు పెట్టి పిలవమన్నాడట. పేరు నోట రాదు, సార్ అంటే ఏమనుకుంటాడో. సెమిస్టరంతా ఆయన్ను ఏమీ పిలవకుండానే గడిపాడు.

ఇంట్లో చెప్పలేదు. ఎట్లా చెప్తాడు, ఫ్లెక్సీ ఇంకా చిరగలేదు. బావ ఎకరంన్నర కుదువబెట్టాడు. పార్ట్‌టైమ్‌తోనే అప్పు తీరుతుందన్నది ఎవరు? కన్సల్టెన్సీయే. ఎఫ్-1 అనే చదువుల వీసా మీద, క్లాసులు నడిచే రోజుల్లో, క్యాంపస్‌లో వారానికి 20 గంటలు దాటి పని చేయకూడదని వాళ్లకు తెలియదా? తెలుసు. చెప్తే ఫీజు రాదు. 2019లో ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీ బయటపడింది. అమెరికా అధికారులే వల వేసి పెట్టిన బడి, క్లాసుల్లేవు, సార్లు లేరు. అందులో మన పిల్లలను చేర్పించి కమీషన్ తిన్నది మనవాళ్లే. మన భాషలో మాట్లాడి, మన ఇంట్లో అన్నం తిని పిల్లలను అమ్ముకున్నారు. థూ!

మొన్న పక్కింటి అమ్మాయి తన ఎస్ఓపీ చూడమని తెచ్చింది. తాతయ్య కంప్యూటర్ కొనిచ్చాడు. మూడో పేరాకు వచ్చాను. 'మగపిల్లగాడిగా ఎన్నో అడ్డంకులు దాటి' అని ఉంది.