సవరణ: నియాండర్తల్‌లను మనవాళ్లే చంపేశారన్న నా పోస్టు

పోయిన ఆదివారం పర్లాకిమిడి నుంచి పెట్టిన పోస్టులో, మనలాంటి ఇంకో మనిషి జాతి ఎదురైతే మనం బతకనివ్వం అనీ, ఎప్పుడో అంతరించిపోయిన అలాంటి జాతివాళ్లైన నియాండర్తల్‌లందరినీ వేటాడి చంపింది మన పూర్వీకులేననీ రాశాను. అది తప్పు. సరిచూసుకోకుండా రాసేశాను.

"మామయ్యా, మరి వాళ్ల డీఎన్‌ఏ మనలో ఎలా ఉంది?" అని మా మేనకోడలు అడిగాక వెతికాను. 2010లో జన్యు శాస్త్రవేత్త స్వాంటే పాబో బృందం వెలువరించిన నియాండర్తల్ జన్యుపటం, ఆ తర్వాతి అధ్యయనాల ప్రకారం, ఆఫ్రికా బయటి జనాల్లో, అంటే మనలోనూ, 1 నుంచి 2 శాతం డీఎన్‌ఏ వాళ్లదే. రెండు జాతులూ కలిసి పిల్లల్ని కన్నాయన్నమాట. సుమారు 40,000 ఏళ్ల కిందట వాళ్లు కనుమరుగవడానికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు.

ఆ పోస్టుకు నేను ఆధారంగా పట్టుకున్నది ఒక్క నియాండర్తల్ పక్కటెముకను. ఇరాక్‌లోని షానిదార్ గుహలో దొరికిన ఆ ఎముక మీద పదునైన గాటు ఉంది. మన జాతివాడు విసిరిన ఈటె దెబ్బ కావచ్చని కొందరు పరిశోధకులు అన్నారు. వాళ్ల "కావచ్చు"ను నేను "చంపేశారు" చేశాను. అదే గుహలో, కుడి చెయ్యి పోయినా ఏళ్ల తరబడి బతికిన నియాండర్తల్ ఎముకలూ దొరికాయి. సాటివాళ్లు చూసుకోబట్టే బతికాడంటారు. ఆ సంగతి నేను రాయనే లేదు.

పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.