పైన లొటారం, కింద పటారం

కారుకి ముఖం ముందువైపు ఉంటుందని ఇన్నాళ్లూ మనల్ని నమ్మించారు. హెడ్‌లైట్లు కళ్లట, గ్రిల్లు నోరట, బానెట్టు నుదురట. ఇదంతా నిలబడి చూసేవాళ్లు అనుకునే మాట. అసలు కారు నేలకి జానెడు ఎత్తున, వెనక చక్రాల మధ్య, ఎవరి కంటా పడకుండా ఉంటుందని, దాని పేరు వెనక యాక్సిల్, అంటే ఇంజను శక్తిని వెనక చక్రాలకి అందించే ఇరుసు అని, దాన్ని అద్దంలా తయారుచేయనివాడికి పాత కారు పక్కన నిలబడి ఫోటో దిగే అర్హత కూడా లేదని కొందరు పెద్దలు తేల్చేశారు. నేను వాళ్ల పక్షం. ఈ వ్యాసం రాస్తున్నదే ఆ పక్షాన కాబట్టి ఇందులో నిష్పాక్షికత కోసం వెతక్కండి.

ఈ మహత్కార్యం ఒక నూనె చుక్కతో మొదలవుతుంది. కారు నిలిపిన చోట, వెనక చక్రానికి లోపలివైపు, ఒక చుక్క. యాక్సిల్‌కి తొడుగులా ఉండే హౌసింగ్ పైన బ్రీదర్ అని ఒక బుల్లి గొట్టం ఉంటుంది. కారు నడిచినప్పుడు లోపల నూనె వేడెక్కుతుంది, గాలి వ్యాకోచిస్తుంది, ఆ గాలి బయటికి పోవడానికే అది. ఏళ్ల తరబడి మట్టి పేరుకుని అది మూసుకుపోతే లోపలి ఒత్తిడి వేరే దారి చూసుకుంటుంది, నూనె కారకుండా ఆపే ఆయిల్ సీలుని తోసుకుని నూనెని నేరుగా బ్రేకు డ్రమ్ములోకి పంపిస్తుంది. సన్నటి తీగ పెట్టి ఆ రంధ్రం శుభ్రం చేస్తే చాలాసార్లు సగం గొడవ అక్కడికక్కడే తీరిపోతుంది. తీరిపోతే ఇంక మనకి పనేముంది? అందుకని పాత కార్లని కొత్తవాటిలా చేసే పరువున్న రెస్టోరర్ ఎవడూ బ్రీదర్ వైపు కన్నెత్తి చూడడు. సీలు మార్చాలంటాడు. సీలు మార్చాలంటే చక్రాన్ని తిప్పే హాఫ్ షాఫ్టు లాగాలి, లాగితే బేరింగు బయటికొస్తుంది, ఎలాగూ వచ్చింది కాబట్టి కొత్తది వేయాలి, బ్రేకు షూలు నూనెలో నానాయి కాబట్టి అవీ మార్చాలి, బ్రేకులు విప్పాక పైపులు ఉంచి ఏం లాభం, పైపులు తీయాలంటే బండి బరువు మోసే కమాన్ పట్టీలు అడ్డం, పట్టీలు దింపితే బుష్షులు పొడి పొడి, ఇంత దింపాక హౌసింగ్ ఒక్కటే పైన వేలాడుతుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు? కాబట్టి అదీ దిగుతుంది. కారు స్టాండ్ల మీద, యాక్సిల్ నేలమీద. చుక్క మాత్రం ఆగింది. కారడానికి లోపల ఏమీ మిగల్లేదు గనక.

(స్టాండ్లు అన్నాను, గమనించండి. ఒట్టి జాకీని నమ్ముకుని కిందకి దూరేవాళ్లకి ఇలాంటి వ్యాసాలు చదివే అవకాశం ఎక్కువకాలం ఉండదు. అలాగే పాత బ్రేకు డ్రమ్ము ఊడదీసి గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టే వీరులున్నారు, ఆ కాలపు లైనింగుల్లో పీలిస్తే ఊపిరితిత్తులని పాడుచేసే ఆస్బెస్టాస్ ఉండేది కాబట్టి దాన్ని తడిపి తుడవాలి తప్ప ఊదకూడదు. ఈ రెండూ వ్యంగ్యం కాదు.)

ఇక్కడ మా పక్షానికి కాస్త ఇబ్బందికరమైన విషయం ఒకటుంది. ఆ కారిన నూనే ఇన్నేళ్లూ కారు అడుగుని కాపాడింది. యాక్సిల్ ముందువైపు పినియన్ అనే చిన్న గేరు ఉంటుంది, దాని సీలు దగ్గర కారిన నూనెని, ఇంజను వైపు నుంచి వెనక్కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు తిరుగుతూ చుట్టుపక్కలంతా చిమ్ముతుంది, అది దుమ్ముతో కలిసి వేలు మందాన మడ్డి కడుతుంది. ఆ మడ్డిని గీకితే కింద ఫ్యాక్టరీ పెయింటు నిన్న వేసినట్టు ఉంటుంది. అదే, వెనకటి యజమాని ఎవరో పుణ్యానికి పోయి నల్లటి తారు పూత దట్టించిన చోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి, అది నేరుగా సీటు కిందికి పోయి తేలుతుంది. ఆ పూత కొత్తలో బాగానే ఉంటుంది. ఎండి బీటలు వారాక మాత్రం నీళ్లని లోపలికి రానిస్తుంది, బయటికి పోనివ్వదు. అంటే కారే కారు తుప్పు పట్టదన్నమాట. అయినా పీకి పారేసేటప్పుడు అందరికన్నా ముందు పోయేది ఆ పాపం సీలే.

బోల్టుల సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఈ దశలో నోట్లోంచి వచ్చే మాటలు రాయడానికి వీలైనవి కావు. యాక్సిల్‌ని కమాన్ పట్టీలకి కట్టి ఉంచే యూ బోల్టులు విప్పే బోల్టులు కావు, కోసే బోల్టులు. ఒకసారి సాగిన యూ బోల్టు మళ్లీ వాడకూడదు, కొత్తవి వేసుకోవాలి అని వర్క్‌షాపుల్లో చెప్తూనే ఉంటారు. మా పక్షంలో ఇంకో శాఖ ఉంది, వాళ్లు మిగతా ప్రతి బోల్టునీ దాచి, తలమీది గుర్తు అరగకుండా శుభ్రం చేసి, జింకు పూత వేయించి, ఏ రంధ్రంలోది ఆ రంధ్రంలోకే వెళ్లేలా సంచుల మీద పేర్లు రాసి పెడతారు. కారులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఇంత పట్టింపు లేదు. పాత నూనె ఖాళీ చేసే ముందు నింపే ప్లగ్గు ఊడుతుందో లేదో చూసుకోవాలన్న ఇంగితం మాత్రం ఏ శాఖలోనూ అందరికీ లేదు. నూనె మొత్తం కింద పోయాక, పైనున్న ప్లగ్గు ససేమిరా అంటుంటే, దాని మూలలు గుండ్రంగా అరిగిపోయేదాకా పానా తిప్పుతూ కూర్చోవడమే.

ఇక డిఫరెన్షియల్, యాక్సిల్ మధ్యలోని గేర్ల గుంపు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ, రెండింటికీ ఒకే ఇంజను. ఈ పంచాయితీని 1820ల చివర్లోనే ఒనెసిఫోర్ పెకర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం తీర్చేశాడు. పెట్రోలు కారు ఇంకా పుట్టనే లేదు. తర్వాత 1920ల్లో హైపాయిడ్ గేర్లు వచ్చాయి, పినియన్‌ని, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్ వీల్ మధ్యకన్నా కిందికి దింపారు, దాంతో ప్రొపెల్లర్ షాఫ్టు కిందికి దిగింది, కారు కూడా కిందికి దిగింది. ఈ గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, గట్టిగా జారతాయి కూడా. మామూలు నూనె తట్టుకోదు, గంధకం కలిసిన నూనె పోయాలి. పాత డిఫరెన్షియల్ మూత తీయగానే కుళ్లిన గుడ్ల వాసన కొడుతుందే, అది అదే. ఆ వాసన బట్టల్లోంచి పోదు. మా పక్షంవాళ్లు ఒకరినొకరు గుర్తుపట్టేది చాలావరకు దీనివల్లే.

క్రౌన్ వీల్, పినియన్ జతగా పుడతాయి. ఫ్యాక్టరీలో రెండింటినీ కలిపి నూరతారు, రెండిటి మీదా ఒకే నంబరు చెక్కుతారు, ఒకదాని బదులు ఇంకోదాన్ని తెచ్చి పెడితే జీవితాంతం రోదిస్తాయి. వాటిని కూర్చోబెట్టడం మా సంప్రదాయంలో పరమ పవిత్రమైన ఘట్టం. పళ్లకి రంగు పూసి, చేత్తో తిప్పి, ఆ రంగు ఎక్కడ చెరిగిందో చూసి, పక్కనే నలుగురు కూర్చుని జాతకం చూసినట్టు చూస్తారు. రంగు పంటి మొదట్లో చెరిగితే పినియన్ మరీ లోపలికి పోయింది, అంచున చెరిగితే దూరంగా ఉండిపోయింది. సరిచేయాలంటే బేరింగు వెనక షిమ్ము, అంటే పల్చటి రేకు, మార్చాలి, షిమ్ము మార్చాలంటే కష్టపడి ఎక్కించిన బేరింగుని మళ్లీ ప్రెస్సు మీద పెట్టి ఊడదీయాలి. ఎక్కించాలి, రంగు పూయాలి, చూడాలి, తిట్టుకోవాలి, ఊడదీయాలి. పళ్ల మధ్య సందు చాలా యాక్సిళ్లలో 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఇంటి తలుపు మూస్తే చూపుడు వేలు పట్టేంత సందు వదిలేసే మనిషి ఇక్కడ డయల్ గేజి ముందు ఊపిరి బిగబట్టి నిలబడతాడు.

అన్నీ కుదిరాయి అనుకున్నాక క్రష్ స్లీవ్ అనే చిన్న ఉక్కు గొట్టం ఉంటుంది, పినియన్ బేరింగుల మధ్య. నట్టు బిగించేకొద్దీ ఆ గొట్టం నలిగి బేరింగుల మీద సరిగ్గా కావలసినంత ఒత్తిడి పడేలా చేస్తుంది. మొదట్లో అది నలగదు. మనిషి మొత్తం వేలాడినా నలగదు. గొట్టం తగిలించి పానాని ఇంకో మీటరు పొడవు చేసి, ఇద్దరు లాగితే, కొంచెం కదిలినట్టు అనిపిస్తుంది, చేత్తో తిప్పి చూస్తే షాఫ్టు ఇంకా వదులే. ఇంకొక్క వెంట్రుకవాసి. ఇంకొక్కటి. అంతే, ఉన్నట్టుండి షాఫ్టు బిగుసుకుంటుంది, ఒత్తిడి దాటిపోయింది. నట్టు కాస్త వెనక్కి తిప్పితే సరిపోదా అని అడుగుతారు మీరు. సరిపోదు, నలిగిన గొట్టం మళ్లీ లేవదు, మొత్తం విప్పి కొత్త స్లీవ్ వేయాలి. ఈ స్లీవ్‌ని కనిపెట్టినవాడికి మనుషుల మీద ఏదో పాత కక్ష ఉండి ఉండాలి.

ఆ తర్వాత పెయింటు, దాని వెంట యుద్ధం. పౌడర్ కోటింగ్ గట్టిగా ఉంటుంది, కానీ ఎక్కడైనా రాయి తగిలి చిట్లితే నీళ్లు దాని కిందకి పాకి లోపల్లోపల తుప్పు మేస్తుంది, పైకి మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. ఎపాక్సీ ప్రైమర్ మీద మామూలు నల్ల పెయింటు వేస్తే చిట్లిన చోట కనిపిస్తుంది, మళ్లీ పూసుకోవచ్చు. ఈ మాట చెప్తే కొట్టుకుంటారు. ఇద్దరికీ నచ్చనివాళ్లు ఇంకో దారి చూసుకున్నారు. పాత కార్లని వేగం కోసం, షోకు కోసం మార్చుకునే హాట్ రాడ్ల వాళ్లు జాగ్వార్ కార్ల వెనక సస్పెన్షన్ మొత్తం ఊడబీకి తెచ్చి, క్రోమ్ చేయించి తమ బళ్లకి బిగించుకున్నారు. కనీసం వాళ్లలో కొందరు దాన్ని వెనకనుంచి అందరికీ కనిపించేలా పెట్టారు, ఆ నిజాయితీకి దండం పెట్టాలి.

కానీ మా పక్షంలో పరమోన్నత స్థాయి వేరే ఉంది. అమెరికాలో 1974లో, కార్వెట్ అనే స్పోర్ట్స్ కార్లని బాగుచేసేవాళ్ల సంఘం, నేషనల్ కార్వెట్ రెస్టోరర్స్ సొసైటీ పుట్టింది. వాళ్ల లెక్క ప్రకారం కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలాగే ఉండాలి. అంతకన్నా బాగున్నా తప్పే, మార్కులు పోతాయి. ఫ్యాక్టరీలో ఆ రోజు ఏం జరిగిందంటే, లైను కదులుతోంది, పెయింటరు బాడీకి రంగు కొడుతుంటే సగం తుంపర అడుగుకి పడింది, నట్టు బిగించినవాడు బిగించానని గుర్తుగా ఒక పెయింటు చుక్క తగిలించాడు, పట్టీ ఏ మోడల్‌దో తెలియడానికి ఇంకెవరో సుద్దముక్కతో గీత గీశాడు. ఇప్పుడు మన రెస్టోరర్ చేసేదేంటంటే, మడ్డి గీకేటప్పుడు ఆ గీత ఆనవాలు దొరికితే పూజగదిలో విగ్రహం దొరికినట్టు ఫోటోలు తీసి, కొలతలు రాసి, యాక్సిల్ మొత్తం దోషం లేకుండా రంగు వేయించాక, దాని మీద అదే వంకరతో, అదే తొందరతో ఆ గీతని మళ్లీ గీస్తాడు. తొందర కుదరాలంటే చాలా నిదానంగా గీయాలి. తుంపర కూడా అంతే, మొదట సహజంగా పడిన తుంపరని పడనట్టు తుడిచేసి, తర్వాత పడినట్టు కొడతాడు. ఆ సుద్దగీత గీసిన కార్మికుడు ఎక్కడున్నాడో గానీ, తన చేతివాటాన్ని ఇంత శ్రద్ధగా కాపీ కొడుతున్నారని తెలిస్తే జీతం పెంచమని అప్పుడే గట్టిగా అడిగేవాడు. పోటీ రోజున న్యాయనిర్ణేత కర్రకి కట్టిన అద్దం కారు కింద దూర్చి, గీత వాలు సరిగ్గా ఉందా లేదా అని చూసి, తల ఊపుతాడు. ఆ తల ఊపు కోసమే ఇదంతా.

ఇంత చేశాక దాన్ని రోడ్డు మీదకి తీసుకెళ్తారా అని అడిగే అనాగరికులు ఇంకా మిగిలున్నారు. రోడ్డు మీద దుమ్ముంటుంది. నీళ్లుంటాయి. బుష్షుల బోల్టులు కారు బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు బిగించాలి, గాల్లో బిగిస్తే రబ్బరు మెలితిరిగి చిరుగుతుంది అంటారు, నిజమే, కానీ అది కిందికి దిగే కార్లకి వర్తించే నియమం. నడపకపోతే సీళ్లు ఎండి గట్టిపడతాయనీ, హౌసింగ్‌లో నూనె మట్టానికి పైనున్న పళ్ల మీద చెమ్మ చేరి తుప్పు మొదలవుతుందనీ కొందరు భయపెడతారు. పట్టనివ్వండి. మళ్లీ విప్పడానికి అంతకన్నా మంచి కారణం ఏం కావాలి?

అందుకే కారు పోటీకి ట్రైలర్ మీద వెళ్తుంది. దీనికీ ఒక చరిత్ర ఉంది. 1930ల్లో కొత్త కార్లని రైలెక్కించి పంపితే, ఒక్క అడుగు కూడా నడవకుండానే వాటి చక్రాల బేరింగుల్లో గుంటలు పడ్డాయి. తిరగకుండా ఒకే చోట అదరడం వల్ల నూనె పక్కకి పోయి ఉక్కు ఉక్కుని తినేసింది, ఇంజనీర్లు దానికి ఫాల్స్ బ్రినెలింగ్ అని పేరు కూడా పెట్టారు. మన యాక్సిల్ ఆ అదృష్టానికి కూడా నోచుకుంది. పైన అది పట్టీలతో బిగించి, సుద్దగీత చెరగకుండా గుడ్డ చుట్టి, తిరగకుండా ఊగుతూ ప్రయాణం చేస్తుంటుంది. కింద ట్రైలర్‌కి కూడా ఒక యాక్సిల్ ఉంటుంది, ఎర్రగా తుప్పెక్కి, దారి పొడుగునా కీచుమంటూ, పైనున్నదాని బరువు కూడా తనే మోస్తూ. దాని హబ్బుల్లో గ్రీజు ఎప్పుడు పెట్టారని యజమానిని అడిగి చూడండి.

"గ్రీజా? అది ట్రైలర్ కదండీ!"