పాట అర్థం కాకపోతే హూలాలో ఏం మిగులుతుంది?

హవాయి అనగానే పూలదండలు, ఆకుల లంగాలు, నడుము కదలికలు గుర్తుకు రావడానికి పర్యాటక ప్రకటనలే చాలావరకు కారణం. హవాయి సంప్రదాయంలో మాత్రం హూలా నృత్యానికి ఆధారం ‘మేలె’ అనే పాట; అందులోని వానను, కొండను, రాజవంశ కీర్తిని, శ్లేషలో దాచిన శృంగారాన్ని నర్తకుల చేతులు చూపిస్తాయి. పదాభినయం ఎరిగిన తెలుగువారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. అందుకే హూలా చరిత్రను నృత్యంపై నిషేధాల చరిత్రగా మాత్రమే చదవడం చాలదు.

1820లో మిషనరీలు వచ్చారు. క్రైస్తవం స్వీకరించిన రాణి కాఅహుమను 1830లో బహిరంగ ప్రదర్శనలను నిషేధించినా, నృత్యం చాటున బతికింది. 1883లో కలాకౌవా రాజు తన పట్టాభిషేకోత్సవంలో దానిని నలుగురిలో ఆడించి, మళ్లీ గౌరవం కల్పించారు. అసలు గాయం ఆ తర్వాతిది. రాచరికాన్ని కూలదోసిన మూడేళ్లకు, 1896లో, బడుల్లో బోధన ఇంగ్లిషులోనే సాగాలని చట్టం వచ్చింది. నృత్యాన్ని ఆపినవారు ప్రదర్శనను మాత్రమే ఆపగలిగారు. భాషను బడి నుంచి తప్పించినవారు ప్రదర్శనను అర్థం చేసుకునే కళ్లనే తీసేశారు.

పర్యాటకులు ఫొటోలు తీసుకునేందుకు ఫిల్ము కంపెనీ కొడాక్ మొదలుపెట్టిన, 1937 నుంచి 2002 వరకు వైకికీ తీరప్రాంతంలో సాగిన కొడాక్ హూలా షో ఆ లోటు మీదే నిలబడింది. ఫిల్ముకు వెలుతురు కావాలి గనుక పగటిపూట ఆడేవారు. మేలె అర్థంతో కెమెరాకు పని లేదు. అయినా అందులో ఆడిన స్థానిక మహిళలకు అది జీతమొచ్చే పని కాబట్టి, ఆ ప్రదర్శనను వెక్కిరించడం నాకు సమ్మతం కాదు.

హవాయిలోని హిలో పట్టణంలో 1960లలో మొదలై, 1971 నుంచి హూలా పోటీలు నిర్వహిస్తున్న మెర్రీ మోనార్క్ ఉత్సవం ప్రాచీనమైన ‘కహికో’కు పెద్ద వేదిక ఇచ్చింది. 1978లో హవాయి భాషకు రాష్ట్ర రాజ్యాంగం అధికార హోదా ఇచ్చింది. 1984లో హవాయి భాషలోనే నేర్పే పూనన లెయో శిశుపాఠశాలలు మొదలయ్యాయి. పోటీ సాధనకు పదును పెడుతుంది, నిజమే. కానీ మార్కుల కోసం ఆడే చోట తడబడే ముసలివారికి, పసివారికి చోటు ఎక్కడిది? ఆ లెక్కన పోటీ లేకుండా జరిగే ప్రిన్స్ లాట్ హూలా ఉత్సవమే నాకు ఎక్కువ నచ్చుతుంది. అయితే ఏ వేదికనైనా నేను తూచేది ఒక్క ప్రశ్నతోనే: ‘కుము హూలా’ అని పిలిచే గురువు శిష్యులకు ముందు నేర్పింది చేతి కదలికనా, పాటలోని మాటనా? జపాన్‌లో వెలసిన హూలా బృందాలకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.