దద్దుర్లకు క్రమశిక్షణ నేర్పవలసిన ఆవశ్యకత

మన దేశంలో క్రమశిక్షణ లేనివాటి పేర్లు చెప్పమంటే జనం ఆటోలనీ, అసెంబ్లీలనీ, వానలనీ ఏకరువు పెడతారు గాని దద్దుర్ల పేరు ఎవ్వరూ ఎత్తరు. రాత్రి ఇంటిల్లిపాదీ పడుకున్నాక మెడ మీద మొదలై, నడుము దాకా దిగి, తొడలకు పాకి, తెల్లవారి స్నానానికి లేచేసరికి ఆనవాలు లేకుండా మాయమై, పదకొండు గంటలకు చర్మవైద్యుడి ఎదుట కూర్చునే వేళకు మచ్చలేని చర్మంతో రోగిని అబద్ధాలకోరుగా నిలబెట్టే ఈ జబ్బు నడవడిని ఇంతకాలం ఏ అధికారీ ప్రశ్నించకపోవడం విచారకరం. అయినదానికీ కానిదానికీ వైద్యులను ఆడిపోసుకోవడం ఫ్యాషనైపోయిన ఈ రోజుల్లో, తప్పంతా చర్మానిదేనని నిరూపించడానికి ఈ వ్యాసం పూనుకుంటున్నది.

దద్దుర్లు తెలియనివారు లేరు. గొంగళిపురుగు పాకినా, రొయ్యలు పడకపోయినా, ఏదో మాత్ర వికటించినా వస్తాయి, పోతాయి. అలా కారణం చూపించి వచ్చేవి మర్యాద తెలిసిన దద్దుర్లు; వాటితో మనకు పేచీ లేదు. ఏ కారణమూ చూపకుండా, ఆరు వారాలు దాటినా వదలకుండా వచ్చిపోయే రకం ఒకటుంది. దానిని వైద్యశాస్త్రం క్రానిక్ స్పాంటేనియస్ అర్టికేరియా అంటుంది. ఏ సమయంలో చూసినా జనాభాలో దాదాపు ఒక శాతం మంది దీనితో బాధపడుతుంటారని అంచనా. ఆ లెక్కను రెండు తెలుగు రాష్ట్రాలకూ వర్తింపజేస్తే అర్ధరాత్రి గోక్కుంటూ కూర్చున్నవారు లక్షల్లో తేలతారు. కొందరికి ఏడాదిలో సద్దుమణుగుతుంది, కొందరిని ఐదేళ్ళు దాటినా విడవదు. పురుషుల కంటే స్త్రీలలో ఇది దాదాపు రెట్టింపు. ఈ చివరి సంగతిని పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. రోగనిర్ధారణలో దీని పాత్ర అపారమని ముందుముందు తెలుస్తుంది.

వైద్యులకు చూసే అవకాశం చిక్కడం లేదు కనుక, దద్దురు ఎలా ఉంటుందో ఇక్కడ నమోదు చేయడం సమంజసం. ముంజేతి లోపలి వైపు ఒకచోట చిమచిమలాడుతుంది. కాసేపట్లో అక్కడ చర్మం పాలిపోయినట్టు ఉబ్బి, చుట్టూ ఎరుపు కమ్ముతుంది. పక్కనే ఇంకొకటి లేస్తుంది. రెండూ కలిసిపోయి, అంచులు బయటికి పాకి, నడిమి భాగం అణిగి, అచ్చం గారె ఆకారానికి వస్తుంది. బొందు బిగిసిన చోట, వాచీ పట్టీ కింద, సంచి తగిలించుకున్న భుజం మీద వరుసలు తీరుతాయి. కొందరికి గోటితో ఊరికే గీసినా చాలు, ఆ గీత ముందు తెల్లబడి, తరవాత ఎర్రబడి, చివరికి తడిమితే చేతికి తగిలేంతగా పొడుచుకు వస్తుంది. ఒక్కోసారి పెదవో, కనురెప్పో పొంగి, పొద్దున్నే ఆఫీసులో 'ఏమండీ, ఇంట్లో గొడవా?' అన్న పరామర్శకు దారితీస్తుంది. గోకితే దద్దురు పెరుగుతుంది, గోకకుండా ఊరుకుంటే మనిషికి మతి చలిస్తుంది.

ఇక అసలు నేరానికి వద్దాం. ఒక్కో దద్దురు సాధారణంగా 24 గంటల లోపే మచ్చ మిగల్చకుండా అణిగిపోతుంది. ఇది ఈ వ్యాధి నిర్వచనంలోనే ఉన్న మాట, వైద్యవిద్యార్థికి మార్కులు తెచ్చిపెట్టే వాక్యం. ఒకే దద్దురు అంతకు మించి నిలిచి, పోతూ పోతూ కమిలిన మచ్చను వదిలితే, అప్పుడు రక్తనాళాల వాపేమోనని అనుమానించి, చర్మం ముక్క తీసి పరీక్షకు పంపుతారు. అంటే, ఉన్నచోటనే కదలకుండా ఉండేది వేరే జబ్బు కావచ్చు. మాయమైపోయేదే సిసలైన దద్దురు. ఆ లెక్కన వైద్యుడి ఎదుట చర్మం నున్నగా ఉండడం రోగి పక్షాన చెప్పవలసిన సాక్ష్యం. అయితే ఈ వాక్యం రాసి పట్టా పుచ్చుకున్నవారే కుర్చీలో కూర్చున్నాక 'ఏదీ, ఏమీ లేదే!' అంటారు. ఇందులో వైరుధ్యం వెదికే తొందరపాటు మనకు తగదు. శాస్త్రం పుస్తకంలో ఉంటుంది, చర్మం బల్లకు ఇవతల ఉంటుంది. ఆ రెండింటికీ పరిచయం చేయాలంటే సమయం పడుతుంది.

ఆ సమయానికీ లెక్క ఉంది. 67 దేశాల సమాచారాన్ని క్రోడీకరించి 2017లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రిక ప్రచురించిన సమీక్ష ప్రకారం, ప్రాథమిక వైద్యంలో ఒక్కో రోగికి వైద్యుడు ఇచ్చే సమయం స్వీడన్‌లో 22న్నర నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, మన దేశంలో సుమారు 2 నిమిషాలు. స్వీడన్ వైద్యుడు అంతసేపు ఏం చేస్తాడో ఊహకు అందదు. బహుశా రోగి చెప్పింది వింటాడేమో. మనకున్న రెండు నిమిషాల్లో పేరు, వయసు, 'షుగరుందా, బీపీ ఉందా' అన్నవి పోగా మిగిలిన కాసిని క్షణాల్లో కనిపించాలన్న ఇంగితం దద్దురుకు ఉండవద్దా?

కొందరు గడుసు రోగులు అర్ధరాత్రి బాత్‌రూమ్ లైటు కింద సెల్‌ఫోనుతో ఫోటోలు తీసి పట్టుకొస్తారు. నిజానికి ఈ జబ్బుకు ఫోటోలు తీసి తెమ్మని మంచి చర్మవైద్యులే చెబుతారు, అలాంటివారు మన ఊళ్ళలోనూ ఉన్నారు. కాని వ్యంగ్యానికి వారు బొత్తిగా పనికిరారు కనుక పక్కన పెడదాం. మిగిలినచోట్ల ఫోటో తేవడం అంటే కోరి ఆపద తెచ్చుకోవడమే. 'ఇన్ని ఫోటోలు తీసుకుంటూ కూర్చున్నారంటే, అమ్మా, మీరు రాత్రీ పగలూ దీని గురించే ఆలోచిస్తున్నారన్నమాట' అంటాడు వైద్యుడు. సాక్ష్యం లేకపోతే జబ్బు లేదు, సాక్ష్యం ఉంటే జబ్బు మనసుకు.

ఇక్కడే స్త్రీలలో రెట్టింపు అన్న సంగతి అక్కరకు వస్తుంది. 'ఏం చేస్తుంటారమ్మా?' 'బ్యాంకులో ఉద్యోగమండీ.' 'అదీ సంగతి. ఇల్లూ ఆఫీసూ అంటూ పరుగులు పెడితే ఇంతే. టెన్షన్ తగ్గించుకోండి.' ఉద్యోగం లేదంటే, 'ఇంట్లో ఖాళీగా కూర్చుంటే ఆలోచనలు ఎక్కువవుతాయి, ఏదైనా వ్యాపకం పెట్టుకోండి.' పెళ్ళి కాకపోతే కాలేదు గనక, అయితే అయింది గనక. తాళాలన్నింటినీ తెరిచే ఇటువంటి తాళంచెవి వైద్యచరిత్రలో మరొకటి లేదు. మానసిక ఒత్తిడి దద్దుర్లను పెంచగలదన్నది నిజమే. నెలల తరబడి నిద్రలేని మనిషికి ఒత్తిడి పెరుగుతుందన్నది అంతకంటే నిజం. ఏది ముందు, ఏది వెనక అని అడగాలంటే మూడో నిమిషం కావాలి.

ఈ సంప్రదాయం మనవాళ్ళు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, దీనికి గొప్ప వంశవృక్షమే ఉంది. 19వ శతాబ్దం చివర పారిస్‌లోని సాల్‌పెత్రియేర్ ఆసుపత్రి హిస్టీరియా అధ్యయనానికి ప్రపంచప్రసిద్ధి పొందింది. గీస్తే ఉబ్బే చర్మాన్ని అప్పటి వైద్యులు మనోరోగానికి ఒక గుర్తుగా లెక్కవేశారు. స్త్రీల వీపుల మీద మొద్దుమొనతో అక్షరాలు గీసి, అవి పొంగి నిలిచాక ఫోటోలు తీసి వైద్యపత్రికలలో అచ్చువేశారు. కొన్ని ఫోటోలలో ఏకంగా వారికి అంటగట్టిన మానసిక వ్యాధి పేరే వారి వీపు మీద చదువుకోవచ్చు. ఆ రోజుల్లో చర్మం మీద రాశారు, ఈ రోజుల్లో చీటీ మీద రాస్తున్నారు. కనీసం అప్పటివాళ్ళు చర్మాన్ని చూశారన్న ఘనత వారికి దక్కాలి.

ఈలోగా శాస్త్రం చేతులు కట్టుకుని కూర్చోలేదన్నది ఒక ఇబ్బందికరమైన నిజం. దురదనూ వాపునూ పుట్టించే హిస్టమిన్ అనే రసాయనాన్ని చర్మంలో దాచుకుని ఉండే మాస్ట్ కణాలకు పాల్ ఎర్లిచ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1878లోనే పేరు పెట్టాడు. ఆ కణాలను రెచ్చగొట్టి హిస్టమిన్ కక్కించే ప్రతిరక్షకాలు కొందరు రోగుల రక్తంలోనే ఉన్నాయని 1993లో తేలింది. రోగి రక్తం నుంచి వేరుచేసిన ద్రవాన్ని అతని ముంజేతిలోనే సూదితో ఎక్కిస్తే, కొందరికి అక్కడికక్కడ దద్దురు లేస్తుంది. తన రక్తమే తనకు పడకపోవడం, దాయాదుల తగాదాలలో పుట్టి పెరిగిన మనకు అంత అర్థం కాని విషయమా? ఈ గొడవ ఫలానా మనిషిలో ఫలానా రోజున ఎందుకు మొదలైందన్నది మాత్రం చాలాసార్లు శాస్త్రానికీ తెలియదు. 'తెలియదు' అన్న ఆ నాలుగక్షరాలు చెప్పించుకోవడానికే రోగి ఫీజు కట్టడానికి సిద్ధంగా ఉన్నా, ఆ మాట పలికితే పరువు పోతుందన్న భయంతో దానికి బదులు 'టెన్షన్' అంటారు.

చికిత్స సంగతీ ఇంతే. నిద్రమత్తు తక్కువగా ఉండే యాంటీహిస్టమిన్ మాత్రను, దురద పుట్టినప్పుడు కాక, క్రమం తప్పకుండా రోజూ వాడించాలనీ, అది చాలకపోతే వైద్యుడి పర్యవేక్షణలో మోతాదును నాలుగు రెట్ల వరకు పెంచవచ్చుననీ అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మనకు రాసేది ఐదు రోజులకు సెట్రిజిన్, పైన పూసుకోవడానికి కాలమిన్ లోషన్. ఏళ్ళ తరబడి ఉండే జబ్బుకు ఐదు రోజుల మందు రాయడంలో ఒక ఆశావాదం ఉంది, దానిని మనం గౌరవించాలి. ఆరో రోజు రాత్రి దద్దుర్లు తిరిగి లేస్తే అది జబ్బుకు లెక్కలు రాకపోవడమే.

వైద్యులు వదిలేసిన కేసును బంధువులు చేపడతారు. పిన్నిగారు వంకాయ మానమంటారు, పెదనాన్నగారు గోంగూర ముట్టవద్దంటారు, ఎదురింటివారు గుడ్డూ, ఎండుచేపా, వేరుశనగా, పెరుగూ పడవని తేలుస్తారు. 'ఒంట్లో వేడి, పైత్యం, రక్తం చెడింది' అన్న మూడు నిర్ధారణలూ ఒకే పూటలో అయిపోతాయి. నెల తిరిగేసరికి విస్తట్లో అన్నమూ పెసరకట్టూ మిగులుతాయి, ఒంటి మీద దద్దుర్లు యథాతథంగా ఉంటాయి. ఈ జబ్బుకు ఆహారపు అలెర్జీ కారణం కావడం అరుదు. అయినా రక్తం తీసుకుని, మీకు పడనివంటూ బారెడు ఆహారపదార్థాల పట్టిక అచ్చువేసి ఇచ్చే పరీక్షా ప్యాకేజీలు నగరాల్లో జోరుగా సాగుతున్నాయి. పిన్నిగారు అదే పని ఉచితంగా చేస్తారు, పైగా కాఫీ ఇస్తారు.

అక్కడా తీరకపోతే మోపిదేవి ఉంది, అరసవల్లి ఉంది. 'ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్' అన్నారు పెద్దలు. చర్మవ్యాధుల మొక్కులు చెల్లించడానికి ఆదివారం నాడు అరసవల్లిలో బారులు తీరిన జనం మధ్య నిలబడితే ఒక విషయం స్పష్టమవుతుంది: సూర్యభగవానుడు భక్తుణ్ణి దద్దురు చూపించమని అడగడు. నమ్మకం అక్కడ భక్తుడి వైపు నుంచే కాదు, అటు నుంచి కూడా ఉన్నట్టు తోస్తుంది.

రోగి మాట నమ్మేవాడు ఇంకొకడున్నాడు, ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు. ఆయన 'ఏదీ' అనడు, 'ఎప్పటి నుంచి' అంటాడు. అని వెంటనే ఒక దురద సూది, దానికి జోడుగా డెక్సా అని పిలుచుకునే స్టెరాయిడ్ సూది పొడుస్తాడు. గంటలో ఒళ్ళు చల్లబడుతుంది, ఆ రాత్రి మనిషి నిద్రపోతాడు. వారం తరవాత మళ్ళీ పొడిపించుకుంటాడు. ఇలా ఏడాది గడిస్తే షుగరు పెరగవచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు. అప్పుడు పట్నంలో పెద్ద వైద్యుడు 'ఇలాంటివాళ్ళ దగ్గరికి ఎందుకు వెళ్తారయ్యా, బుద్ధి లేదూ?' అని మందలిస్తాడు. ఆ మందలింపుకు మాత్రం రెండు నిమిషాలకు మించిన సమయం దొరుకుతుంది.

1997లో ఒక బ్రిటిష్ చర్మవైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం, నిద్ర, ఓపిక, మనుషుల్లో మెలగడం వంటి వాటిలో ఈ రోగుల దురవస్థ గుండెజబ్బు రోగుల అవస్థతో పోల్చదగినదని చూపింది. అయినా గుండెజబ్బు మనిషిని చూడడానికి యాపిల్ పళ్ళతో వస్తారు. దద్దుర్ల మనిషి ఇంటికి వస్తే 'ఇది అంటుకుంటుందా?' అని అడిగి, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంటారు. అంటుకోదు. ఇది అందరికీ తెలియాలి కనుక ఇక్కడ మాత్రం వ్యంగ్యం లేకుండా చెబుతున్నాను. అలాగే నాలుక వాచి ఊపిరి అందకపోతే మొహమాటపడకుండా అత్యవసర విభాగానికి పరుగెత్తాలి.

మాత్రలకు లొంగనివారికి ఓమాలిజుమాబ్ అనే సూదిమందును ఈ జబ్బుకు అమెరికాలో 2014లో ఆమోదించారు. మన దగ్గరా దొరుకుతుంది. నాలుగు వారాలకోసారి వేయించుకోవాలి, ఖరీదు ఎక్కువ. అందువల్ల మధ్యతరగతి రోగి ఆరోగ్యబీమా పత్రాలు దులిపి తీస్తాడు. మన బీమాలో సాధారణ నియమం, కనీసం 24 గంటలు ఆసుపత్రిలో చేరి ఉండాలి. దద్దురు అంతసేపు ఉండదని చెబితే ఏజెంటు సానుభూతిగా తల పంకించాడు.

'ఒక్క రోజు అడ్మిట్ అయిపోండి సార్, నేను చూసుకుంటాను.'

'ఏ జబ్బని చేరాలండీ? డాక్టరుగారు ఏమీ లేదన్నారు కదా.'

'అడ్మిట్ అయితే ఆయనే ఏదో ఒకటి రాస్తారు లెండి.'