గేముల ధరల లెక్కలో రాయకుండా వదిలేసిన పద్దు

కొత్త వీడియో గేముల ధరలు పెరగలేదని, ద్రవ్యోల్బణాన్ని తీసివేసి చూస్తే నిజానికి తగ్గాయని వాదించేవారు చాలామంది ఉన్నారు. నేనూ చాలాకాలం అదే నమ్మాను, అడిగినవారికీ అడగనివారికీ అదే చెప్పాను. ఆ లెక్కలో కూడికలూ తీసివేతలూ సరిగానే ఉన్నాయి. కానీ అందులో ఒక పద్దు రాయకుండా వదిలేశారని నాకు ఆలస్యంగా తెలిసివచ్చింది, దాన్ని కలిపి చూసుకున్నాక నా అభిప్రాయం పూర్తిగా మారిపోయింది. గేములు ఖరీదెక్కాయి, పెట్టె మీద ముద్రించిన అంకె చెప్పేదానికంటే చాలా ఎక్కువగా ఖరీదెక్కాయి.

ముందు ఎదుటి పక్షం లెక్కను ఉన్నదున్నట్టు చెబుతాను. సెంట్ల తేడాలు వదిలేసి, గుండ్రని అంకెలు రాస్తున్నాను. 1990ల మొదట్లో చాలా కన్సోల్ (టీవీకి తగిలించి గేములు ఆడే యంత్రం) గేములు కార్ట్రిడ్జ్‌లలో వచ్చేవి. కార్ట్రిడ్జ్ అంటే లోపల మెమరీ చిప్పులు అతికించిన చిన్న సర్క్యూట్ బోర్డు. గేము పెద్దదైతే చిప్పు పెద్దది కావాలి, ఆడిన చోటును సేవ్ చేసుకోవాలంటే చాలా గేముల్లో బ్యాటరీ కూడా పెట్టాలి, ఆ ఖర్చంతా తయారయ్యే ప్రతి కాపీ మీదా పడుతుంది. అందుకే 1995లో అమెరికాలో సూపర్ నింటెండో కన్సోల్‌కు విడుదలైన క్రోనో ట్రిగ్గర్ అనే గేము 80 డాలర్ల దాకా పలికింది, అది ఇప్పటి డాలర్లలో 160కి పైమాటే. తరువాత ప్లేస్టేషన్ వంటి కన్సోళ్లతో సీడీలు వచ్చి, కాపీ తయారీ ఖర్చు బాగా పడిపోయి, 50 డాలర్లు మామూలు ధరగా స్థిరపడింది. 2005 చివర మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360తో అది 60 అయింది, సుమారు పదిహేనేళ్ల పాటు అక్కడే నిలిచింది. 2020లో ఎన్‌బీఏ 2కే21 అనే బాస్కెట్‌బాల్ గేము అప్పటి కొత్త కన్సోళ్లకు 70 డాలర్ల ధరతో వచ్చింది, మిగిలిన పెద్ద సంస్థలు ఒకదాని వెనుక ఒకటి అదే బాట పట్టాయి. 2025 జూన్‌లో నింటెండో కన్సోల్ స్విచ్ 2తో పాటు విడుదలైన మారియో కార్ట్ వరల్డ్ 80కి చేరింది. ఇదంతా మెట్లెక్కినట్టే కనిపిస్తుంది కానీ, 2005 నాటి 60 డాలర్లు ఇప్పటి 95 డాలర్లకు పైగా విలువ చేస్తాయి కాబట్టి 70 అయినా 80 అయినా పాత ధర కంటే చవకేనన్నది వారి వాదన.

ఈ వాదన అందరి జీతాలూ ధరలతో పాటే పెరిగాయని అనుకుంటుంది, అలా పెరగనివారికి ఈ ఓదార్పు దేనికీ పనికిరాదు. అయినా ఆ చిక్కును ఇప్పటికి పక్కన పెడుతున్నాను, ఎందుకంటే అందరికీ సమానంగా వర్తించే లోటు ఇంకొకటి ఉంది.

నా దగ్గర ఇప్పటికీ ఒక పాత డిస్కు డబ్బా ఉంది. మూత ఒక మూల విరిగింది, పైనున్న ప్లాస్టిక్ తొడుగు మీద సెకండ్ హ్యాండ్ షాపువాళ్లు అంటించిన ధర స్టిక్కరు పీకేసిన చోట జిగురు మరక నల్లబడి ఉంది, లోపలి డిస్కును వెలుతురుకు పట్టి చూస్తే నాలుగైదు సన్నని గీతలు కనిపిస్తాయి. నాకంటే ముందు దాన్ని కనీసం ఒకరు కొని, ఆడి, అమ్ముకున్నారు. నేను కొని పూర్తిచేశాక ఒక స్నేహితుడు తీసుకువెళ్లి మూడు నెలలు ఉంచుకుని తిరిగి ఇచ్చాడు, ఆ తరువాత మా తమ్ముడు ఆడాడు. అంటే ఒక్కసారి కొత్తధర చెల్లించిన డిస్కు నాకు తెలిసి నలుగురికి ఆటనిచ్చింది. ఇందులో ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరూ నిబంధన మీరలేదు. కొన్నవాడిది వస్తువు, కాబట్టి దాన్ని ఏం చేసుకోవాలన్నది కొన్నవాడి ఇష్టం.

వదిలేసిన పద్దు ఇదే. ఒక వస్తువు మనకు ఎంతకు పడిందన్నది తెలియాలంటే కొన్నప్పుడు ఇచ్చిన దానిలోంచి అమ్మినప్పుడు వచ్చినదాన్ని తీసివేయాలి. 2005లో 60 డాలర్లకు కొత్త గేము కొని, నెల రోజుల్లో పూర్తిచేసి, సగం ధరకు అమ్మారనుకోండి. ఆ గేము మీకు 30 డాలర్లకు పడింది. ఆ 30ని ఇప్పటి డాలర్లలోకి మార్చినా సుమారు 50 అవుతుంది. ఇప్పుడు అదే స్థాయి గేమును 70 డాలర్లకు డౌన్‌లోడ్ చేసుకుంటే, పూర్తిచేసిన మర్నాడు దానికి అమ్మకపు విలువ సున్నా, కాబట్టి అది మీకు 70కి 70 పడింది. ద్రవ్యోల్బణాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఖర్చు సుమారు నలభై శాతం పెరిగింది. ఇద్దరు స్నేహితులు చెరొక గేము కొని మార్చుకునే అలవాటును కూడా కలుపుకుంటే తేడా ఇంకా పెద్దదవుతుంది, ఎందుకంటే అప్పట్లో వారిలో ఒక్కొక్కరికి ఒక గేము ధరకు రెండు గేములు దక్కేవి. డిస్కు కొని ఎన్నడూ అమ్మనివారికి ఈ తేడా తెలియకపోవచ్చు. జేబు చూసుకుని కొనేవారికి మాత్రం పాత గేము అమ్మిన డబ్బే కొత్త గేముకు పెట్టుబడి.

డిస్కును తిరిగి అమ్ముకునే హక్కును పోగొట్టుకోవడం ఒక్క రోజులో జరగలేదు. 2013లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రకటించినప్పుడు పాత డిస్కుల అమ్మకం మీద ఆంక్షలు పెట్టబోయింది. జనం ఎంత గట్టిగా తిరగబడ్డారంటే కొద్ది వారాల్లోనే ఆ ఆలోచనను వెనక్కి తీసుకుంది. అయితే ప్రకటించి తెస్తే ఒప్పుకోనిదాన్ని పరిశ్రమ ఆ తరువాత చప్పుడు లేకుండా తెచ్చింది. 2020లో డిస్కు డ్రైవు లేని కన్సోళ్లు కాస్త తక్కువ ధరకు వచ్చాయి, అది మనం కోరి ఎంచుకున్నదిగా కనిపించింది. 2024 నవంబరులో వచ్చిన సోనీ పీఎస్5 ప్రో (ప్లేస్టేషన్ 5 ప్రో) అప్పుడు 700 డాలర్ల కన్సోల్, అందులోనూ డిస్కు డ్రైవు లేదు, కావాలంటే మరో 80 డాలర్లు పెట్టి విడిగా కొనుక్కోవలసి వచ్చింది. తక్కువ ధరకు బదులుగా వదులుకున్న సౌకర్యం నాలుగేళ్లలో అదనంగా డబ్బు కట్టి తెచ్చుకోవలసిన సౌకర్యమైంది. న్యాయస్థానాల్లోనూ దారి దొరకలేదు. పీసీ గేములు అమ్మే డిజిటల్ స్టోరు స్టీమ్‌లో కొన్న గేములను తిరిగి అమ్ముకోనివ్వాలని ఫ్రాన్స్‌లో ఒక వినియోగదారుల సంఘం వేసిన కేసులో 2019లో పారిస్ కోర్టు కొన్నవారి పక్షాన నిలబడింది, 2022లో అప్పీలులో ఆ తీర్పు తారుమారైంది.

అమ్ముకోలేకపోయినా కనీసం ఉంచుకోగలమా అంటే అదీ గట్టిగా చెప్పలేము. యూబీసాఫ్ట్ సంస్థ 2014లో విడుదల చేసిన ద క్రూ అనే కార్ల గేము సర్వర్లను 2024 మార్చి 31న మూసివేసింది. ఒంటరిగా ఆడుకునే భాగం కూడా ఆ సర్వర్ల మీదే ఆధారపడి ఉండటంతో, డబ్బిచ్చి కొన్నవారందరికీ, డిస్కు చేతిలో ఉన్నవారికి సైతం, ఆట మొత్తం పనికిరాకుండా పోయింది. ఆ ఘటనతోనే, అమ్మిన గేములను ఇలా పనికిరాకుండా చేయవద్దంటూ రాస్ స్కాట్ అనే యూట్యూబర్ మొదలుపెట్టిన ఉద్యమానికి యూరప్‌లో 2025 జులై నాటికి పది లక్షలకు పైగా సంతకాలు చేరాయి. డిజిటల్ స్టోర్లు అమ్ముతున్నది వస్తువును కాదనీ లైసెన్సును మాత్రమేననీ కొనేవారికి స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా చేసిన చట్టం 2025 ఆరంభంలో అమలులోకి వచ్చింది. చెప్పడం మంచిదే. కానీ అద్దెకిస్తున్నదాన్ని సొంతధరకు అమ్మడం న్యాయమేనా అన్న ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

ఇక పెట్టె మీది అంకె దగ్గరికే వద్దాం, అది కూడా ఇప్పుడు ఒక్క అంకె కాదు. ఈమధ్య ఒక కొత్త గేము కొందామని స్టోరు పేజీ తెరిస్తే పక్కపక్కన మూడు డబ్బాలు కనిపించాయి. మొదటిది 70, రెండవది 90, మూడవది 100 డాలర్లు. మూడింటికీ కింద ఒక పట్టిక ఉంది, 70 డాలర్ల వరుసలో ఒకే ఒక టిక్కు, మిగిలినవన్నీ ఖాళీ గడులు. ముందు రాబోయే కథాభాగం లేదు, కొన్ని దుస్తులు లేవు, అన్నిటికంటే ముఖ్యంగా ముందుగా ఆడే అవకాశం లేదు. 100 డాలర్లు కట్టినవారు మూడు రోజులు ముందే మొదలుపెట్టవచ్చట. నేను చాలాసేపు ఆ ఖాళీ గడుల వంకే చూస్తూ ఉండిపోయాను. 70 డాలర్లు పెట్టి పూర్తి ధరకు కొనేవాడికి ఇంత లేమి చూపించడం వెనుక ఉన్న ఉద్దేశం నన్ను బాధపెట్టింది. 2023లో స్టార్‌ఫీల్డ్ కూడా ఇదే పద్ధతిలో వచ్చింది, 100 డాలర్ల ఎడిషన్ కొన్నవారికి అయిదు రోజులు ముందుగా తెరుచుకుంది. దీన్ని ముందస్తు అవకాశం అంటున్నారు కానీ, గేము సిద్ధమై, కొందరి చేతుల్లో ఆడుతూ ఉన్న రోజే దాని అసలు విడుదల రోజు. ఆ రోజు దాని ధర 100 డాలర్లు. 2006లో ఆబ్లివియన్ అనే గేములో గుర్రానికి కవచం రెండున్నర డాలర్లకు అమ్మినప్పుడు జనం మండిపడ్డారు. కొసరుగా రావలసినవన్నీ విడివిడి పద్దులుగా మారిన ఈ కాలంలో ఆ కోపం ఎంత ముందుచూపుతో వచ్చిందో ఇప్పుడు అర్థమవుతోంది.

తయారీ ఖర్చు పెరిగిందన్నది నిజం, దాన్ని నేను కొట్టిపారేయను. 2023లో అమెరికా కోర్టు ముందుకు వచ్చిన పత్రాల ప్రకారం ద లాస్ట్ ఆఫ్ అస్ రెండవ భాగానికి 200 మిలియన్ డాలర్లకు పైగా ఖర్చయింది. వందలాది మంది ఏళ్ల తరబడి పనిచేస్తే తప్ప అటువంటి గేము తయారు కాదు, వారి జీతాలకు నా డబ్బు వెళుతుందంటే నేను సంతోషంగా ఇస్తాను. కానీ ధరను ఖర్చే నిర్ణయిస్తోందన్న మాట నమ్మడం కష్టం. 2025లో విడుదలైనప్పుడు మారియో కార్ట్ వరల్డ్ విడిగా 80 డాలర్లు. స్విచ్ 2 విడిగా 450, రెండూ కలిపి 500, అంటే కన్సోల్‌తో తీసుకుంటే అదే గేము 50కి పడేది. యూరప్‌లో అదే గేము డౌన్‌లోడ్ 80 యూరోలు, కార్ట్రిడ్జ్ 90 యూరోలు, అమెరికాలో రెండూ అప్పుడు ఒకే ధర. ద అవుటర్ వరల్డ్స్ 2ను మొదట 80 డాలర్లుగా ప్రకటించి, విమర్శలు రాగానే 2025 జులైలో 70కి దించారు. ఆ రెండు ప్రకటనల మధ్య ఆ గేము తయారీ ఖర్చు ఏమీ తగ్గలేదు. మనం ఎంతదాకా ఇస్తామో అంతదాకా లాగి చూస్తున్నారు, వద్దంటే ఆగుతున్నారు. పైగా ఖర్చు వాదన నిజంగా వర్తించాలంటే, డబ్బా, డిస్కు, రవాణా ఏవీ లేని డౌన్‌లోడ్ కాపీ డిస్కు కంటే చవకగా ఉండాలి. చాలాచోట్ల విడుదల రోజున రెండింటి ధరా ఒకటే.

చవకైన మంచి గేములు లేవని నేను అనడం లేదు. 2025లో హాలో నైట్ సిల్క్‌సాంగ్ 20 డాలర్లకు, క్లేర్ అబ్‌స్క్యూర్ ఎక్స్‌పెడిషన్ 33 అనే గేము 50 డాలర్లకు వచ్చాయి, ఆ రెండూ ఆ ఏడాది నేను ఆడినవాటిలో అన్నిటికంటే మంచివి. ఏడాది ఓపిక పట్టగలిగితే పీసీలో చాలా గేములు సగం ధరకు దిగివస్తాయి. కానీ నింటెండో సొంత గేములు ఏళ్లు గడిచినా పెద్దగా దిగవు, స్నేహితులతో కలిసి ఆడే గేములో ఏడాది తరువాత అడుగుపెడితే స్నేహితులు ఇంకొక గేముకు వెళ్లిపోయి ఉంటారు. నెలవారీ చందా మార్గం కూడా మునుపటిలా లేదు. 2017లో నెలకు 10 డాలర్లతో మొదలైన మైక్రోసాఫ్ట్ చందా సేవ గేమ్ పాస్‌లో అన్నిటికంటే పై శ్రేణి 2025 అక్టోబరులో 20 నుంచి ఒక్కసారిగా 30కి వెళ్లింది. ఆ లెక్కన ఏడాదికి 360 డాలర్లు కట్టి, మానేసిన రోజున చేతిలో ఒక్క గేము కూడా మిగలకపోతే దాన్ని చవక అనడానికి నాకు మనసొప్పదు.

పోయిన నెల మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నువ్వు పూర్తి చేశావు కదా, ఆ గేము నాకొకసారి ఇవ్వవా" అని అడిగాడు. వాడిప్పుడు వేరే ఇంట్లో ఉంటున్నాడు. ఆ గేము నా అకౌంటులో ఉంది, దాన్ని వాడికి పంపే దారేదైనా ఉందేమోనని గంటసేపు సెట్టింగులన్నీ వెతికాను. ఒకే ఇంట్లో ఉన్నవారితో పంచుకునే ఏర్పాటు ఉంది కానీ ఇవ్వడానికి లేదు. విరిగిన మూతతో ఉన్న ఆ పాత డబ్బాను నేను వాడి చేతిలో పెట్టి ఇంటికి పంపడానికి అర నిమిషం కూడా పట్టలేదని గుర్తొచ్చింది. కుదరదురా అని చెప్పాను. వాడు రెండు రోజులు ఆగి, తనే మరో 70 డాలర్లు పెట్టి కొనుక్కున్నాడు. ఒకే గేముకు మా ఇద్దరికీ కలిపి 140 డాలర్లు అయ్యాయి.