బెంగ తెలిసిన పరిశోధకులు కావాలి

వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఒక్కరైనా ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో వచ్చిన తీర్పు అది. సరే, ఇంతమంది కౌన్సెలర్లకు చదువు చెప్పేదెవరు? ఈ రోజు కౌన్సెలింగ్ సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నవారే.

వారిని ఎంచుకునే తీరులోనే లోపం ఉంది. యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ద్వారా పీహెచ్‌డీలో చేరేవారిలో ఎక్కువమందికి ఆ పరీక్ష మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ తర్వాత కోర్సువర్కు, సిద్ధాంత వ్యాసం. బాధలో ఉన్న మనిషి ఎదుట, గురువు పర్యవేక్షణలో ఇన్ని గంటలు కూర్చోవాలన్న షరతు యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లో లేదు. అమెరికాలో గుర్తింపు పొందిన కౌన్సెలింగ్ సైకాలజీ కోర్సుల్లో ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తికానిదే డాక్టరేట్ రాదు.

పరిశోధన వేరు, వైద్యం వేరు, చికిత్సకు క్లినికల్ సైకాలజిస్టులు ఉన్నారు కదా అంటారు కొందరు. కానీ రేపటి కౌన్సెలర్లకు పాఠం చెప్పేది ఈ పరిశోధకులే. తాము చేయని పనిని వారు ఎలా నేర్పుతారు?

నన్ను ఇంకా కలవరపెట్టేది భాష. ఇంగ్లిష్ ప్రశ్నావళిని తెలుగు చేసి, 'గత రెండు వారాల్లో నిరాశగా అనిపించిందా?' అని అడుగుతాం. హాస్టల్ పిల్ల 'లేదు మేడమ్' అంటుంది. స్కోరు సున్నా. అదే పిల్ల వార్డెన్‌తో 'తల బరువుగా ఉంది, అన్నం సయించడం లేదు' అంటుంది. తల్లి ఫోనులో విని 'బెంగ పెట్టుకుంది' అని ఒక్క మాటలో తేల్చేస్తుంది. బెంగ డిప్రెషన్ కాదు, ఒట్టి దిగులూ కాదు. ఫలానా మనిషి, ఫలానా ఇల్లు దగ్గర లేకపోవడం వల్ల ఒంట్లోకి దిగే బాధ అది. ఎవరి కోసమన్నది ఆ మాటలోనే దాగి ఉంటుంది కాబట్టి, తర్వాత అడగవలసిన ప్రశ్న కూడా అదే అందిస్తుంది. ఇంత పనికొచ్చే మాటను అనువాదంలో పారేసుకుంటున్నాం. తెలుగును వాడుకకే వదిలేసి శాస్త్రానికి దూరం పెట్టిన ఫలితమిది.

పల్లె నుంచి వచ్చి, హాస్టల్లో పెరిగి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన విద్యార్థికి ఈ మాటల లోతు తెలుసు. ఆ నేపథ్యమే అతని పరిశోధనకు పెట్టుబడి కావాలి. ఆ 30 శాతం ఇంటర్వ్యూలో సగమైనా తెలుగులో జరపండి. బెంగకూ దిగులుకూ తేడా ఏమిటో అభ్యర్థిని అడగండి.