బాస్టిల్ జైల్లో ఉన్నది ఏడుగురే: ఆ మెసేజ్‌కి నా జవాబు

వారం రోజులుగా ఫ్రెంచి విప్లవం మీద ఒక మెసేజ్ మా బంధువుల గ్రూపులో, ఊరి గ్రూపులో, ఆఖరికి కోవూరు వైపు వరి రైతుల గ్రూపులో కూడా తిరుగుతోంది. నాకు పంపింది మా బాబాయి. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: ఫ్రాన్స్‌లో రొట్టె లేకపోతే కేకు తినమని రాణి అన్నదట, దాంతో 1789 జులై 14న ఆకలి జనం ఒక్కసారిగా లేచి జైలు బద్దలుకొట్టి, వేలమంది ఖైదీల్ని విడిపించి, రాజు తల నరికేశారట. వాళ్ళకి చదువూ లేదు, ఆలోచనా లేదు, వట్టి మూకట. చివరికి నెపోలియన్ చక్రవర్తి అయ్యాడు, తర్వాత పాత రాజుల వంశమే తిరిగొచ్చింది కాబట్టి విప్లవాలతో ఒరిగేది ఏమీ లేదట.

బాబాయ్, నీ మీద కోపం లేదు, నువ్వు మంచి ఉద్దేశంతోనే పంపి ఉంటావు. కానీ ఇందులో దాదాపు ప్రతి ముక్కా తప్పు, ఆ చివరి మాటైతే నాకు నిజంగా బాధ కలిగించింది, అందుకే ఇంత రాస్తున్నాను.

కేకు సంగతి ముందు తేల్చేద్దాం. ఆ రాణి, అంటే మేరీ ఆంటోనెట్, ఆ మాట అన్నట్టు ఎక్కడా ఆధారం లేదు. ఎవరో ఒక గొప్ప రాజకుమారి అలా అన్నదని రచయిత రూసో తన ఆత్మకథలో రాశాడు, పేరు చెప్పలేదు. ఆయన ఆ భాగం రాసేనాటికి ఈమె ఆస్ట్రియాలో ఇంకా చిన్నపిల్ల, ఫ్రాన్స్‌కి కోడలిగా వచ్చింది 1770లో. అంతే, దీని మీద ఇంకా చెప్పడానికి ఏమీ లేదు.

ఇక జులై 14. ఆ రోజు బాస్టిల్ అనే ఆ కోట జైల్లో ఉన్న ఖైదీలు ఏడుగురు. వేలు కాదు, వందలు కాదు, ఏడుగురు. అందులో నలుగురు దొంగపత్రాలు సృష్టించిన కేసులో ఉన్నవాళ్ళు. జనం వాళ్ళ కోసం పోలేదు, తుపాకిమందు కోసం పోయారు. ఎందుకంటే రాజు పదహారో లూయీ పారిస్ చుట్టూ సైన్యాన్ని దించాడు, జనానికి కాస్త నమ్మకం ఉన్న ఆర్థికమంత్రి నెకర్‌ని జులై 11న తీసేశాడు, సైన్యం ఊరి మీద పడుతుందని అందరికీ టెన్షన్ పట్టుకుంది. 14 పొద్దున్నే ఇన్వాలిడ్స్ అనే చోట వేల తుపాకులు దొరికాయి, వాటికి మందు మాత్రం బాస్టిల్‌లో ఉంది. కోట పట్టుకునేటప్పుడు జనంలో వందమంది దాకా చచ్చిపోయారు.

ఆ రోజు రాజు తల తెగడం మాట అటుంచు, సింహాసనం కూడా పోలేదు. 1791లో రాజ్యాంగం రాసుకున్నప్పుడు కూడా అందులో రాజుకి చోటిచ్చారు! ఆయన్ని వదిలించుకోవాలని జనం మొదటి నుంచీ కాచుకుని కూచోలేదు. ఆయనే 1791 జూన్‌లో మారువేషంలో కుటుంబంతో సహా సరిహద్దు వైపు పారిపోతూ వరెన్ అనే చిన్న ఊళ్ళో పట్టుబడ్డాడు, నమ్మకం అక్కడ విరిగింది. మరుసటి ఏడు యుద్ధం వచ్చింది, రాజు శత్రువుల పక్షాన ఉన్నాడన్న అనుమానం ముదిరింది, 1792 ఆగస్టు 10న రాజభవనం మీద దాడి జరిగింది, సెప్టెంబరు 21న రాచరికం రద్దయింది. శిక్ష అమలయింది 1793 జనవరి 21న, అదీ విచారణ జరిగి, సభలో ఓట్లు వేశాక. బాస్టిల్ నుంచి లెక్కేస్తే మూడున్నరేళ్ళు.

ఇప్పుడు "చదువు లేని మూక" అన్న మాట. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మన నెల్లూరు జిల్లా వాళ్ళు అనకూడని మాట ఇది.

ఆకలి నిజమే. 1788 జులైలో వడగళ్ళు పంటల్ని కొట్టేశాయి, తర్వాతి చలికాలం ఘోరంగా గడిచింది, కూలివాడి సంపాదనలో సగానికి పైగా రొట్టెకే పోయేది. అటు ఖజానా అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి చేసిన అప్పులతో ఖాళీ, ప్రభుత్వ రాబడిలో దాదాపు సగం వడ్డీలకే సరిపోయేది. పన్నులు చూస్తే ప్రభువులకీ మతగురువులకీ మినహాయింపులు, మోసేది మిగతావాళ్ళు. గత్యంతరం లేక రాజు 1614 తర్వాత ఎన్నడూ పిలవని ప్రతినిధుల సభని 1789 మేలో పిలిచాడు. దానికి ముందు ఊరూరా పన్ను కట్టేవాళ్ళు ఒకచోట చేరి తమ బాధలు ఇవీ అని రాతపూర్వకంగా రాసి పంపారు. అలాంటి పత్రాలు పదుల వేలు. రాయడం రానివాళ్ళు చెప్పి రాయించారు. మూక చేసే పనా ఇది?

ఆ పత్రాల్లో మాటిమాటికీ కనిపించే ఫిర్యాదు ఒకటి వింటే మన వరి రైతుకి ఇట్టే అర్థమవుతుంది: కొలతలు. ఊరికో కొలత, దొరకో కుంచం, శిస్తు ధాన్యం కొలిచేటప్పుడు దొర పెద్ద కుంచం తెచ్చేవాడు. అందుకే దేశమంతటికీ ఒకే తూకం, ఒకే కొలత కావాలని రాశారు. మన దగ్గర పుట్టి అంటే 850 కిలోలు అని అందరికీ తెలుసు, అయినా తేమ అనీ తరుగు అనీ కాటా దగ్గర ఎక్కువ అడిగితే మా నాయన మొహం ఎలా మారిపోయేదో నేను చూశాను. ఆ పత్రాలు రాసినవాళ్ళ కడుపుమంట నాకు అక్కడ తెలిసింది. 1795లో ఫ్రాన్స్ మీటర్, గ్రాము కొలతల్ని చట్టం చేసింది, అవే 1956 చట్టంతో మన దేశానికీ వచ్చాయి. మనం ఈ రోజు కిలో అంటున్నామంటే ఆ మాట ఆ విప్లవంలో పుట్టిందే.

ఆడవాళ్ళ సంగతి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. 1789 అక్టోబరు 5న పారిస్ బజారు ఆడవాళ్ళు, చేపలమ్మేవాళ్ళతో సహా, వానలో ఇరవై కిలోమీటర్లు నడిచి వెర్సాయ్ రాజభవనానికి పోయారు. రొట్టె అడిగారు. దాంతోపాటు, అప్పటిదాకా రాజు నాన్చుతున్న, సభ రాసిన మానవ హక్కుల ప్రకటనకి ఆయన్ని ఒప్పించారు, మర్నాడు రాజకుటుంబాన్ని తమతోపాటే పారిస్‌కి తీసుకొచ్చారు.

దూబగుంట గుర్తు రావట్లేదా బాబాయ్? 1992లో కలిగిరి పక్కన ఆ ఊళ్ళో ఆడవాళ్ళు సారా అంగడిని ఎదిరించినప్పుడు కూడా వాళ్ళకేం తెలుసు అన్నవాళ్ళున్నారు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతూ, వాచకంలో సారా మీద పాఠం చదివి, తమ ఇంటి సంగతే కదా ఇది అని చర్చించుకుని లేచినవాళ్ళు వాళ్ళు. మా అమ్మ సంతకం నేర్చుకున్నది ఆ బడుల్లోనే. ఆ ఉద్యమం జిల్లా దాటిపోయి సారా వేలంపాటల్ని ఆపించింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

చివరిది, "ఒరిగేది ఏమీ లేదు" అన్నది. మెసేజ్‌లో ఇందులో మాత్రం కొంత నిజం ఉంది, దాచను. 1793, 94లలో విప్లవ ప్రభుత్వమే మరణశిక్షలు విధించి సుమారు 17 వేలమందిని చంపింది, వాళ్ళలో ఎక్కువమంది ప్రభువులు కాదు, మామూలు రైతులు, పనివాళ్ళు. ఆడవాళ్ళ సంఘాల్ని 1793 అక్టోబరులో మూసేయించారు. ఆడవాళ్ళకి హక్కుల ప్రకటన రాసిన ఒలింప్ ద గూజ్‌కి మరుసటి నెలలో మరణశిక్ష వేశారు. ఫ్రాన్స్ ఆడవాళ్ళకి ఓటుహక్కు దక్కింది 1944లో! ఇది చదివినప్పుడు నాకు ఆ రోజంతా మనసు బాగోలేదు. 1794లో రద్దు చేసిన బానిసత్వాన్ని నెపోలియన్ 1802లో మళ్ళీ తెచ్చాడు, దాన్ని ఒప్పుకోని, ఫ్రాన్స్ వలసగా ఉన్న హైతీ బానిసలు పోరాడి 1804లో స్వతంత్ర దేశం కట్టుకున్నారు.

కానీ రాజు తిరిగొచ్చాడు కాబట్టి అంతా పోయిందనడం తప్పు. 1814లో పదహారో లూయీ తమ్ముడు గద్దెనెక్కినప్పుడు చట్టం ముందు అందరూ సమానమని రాసిన పత్రాన్ని ఇచ్చే ఎక్కాల్సి వచ్చింది. దొరల శిస్తులు తిరిగి రాలేదు. చర్చికిచ్చే పంటలో వాటా తిరిగి రాలేదు. విప్లవకాలంలో అమ్మేసిన చర్చి భూములు కొన్నవాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. పాత అధికారాలన్నీ తిరిగి కావాలనుకున్న తర్వాతి రాజుని 1830లో మూడు రోజుల్లో పంపేశారు, ఆ తర్వాతవాడు 1848లో పారిపోయాడు, 1870 తర్వాత అక్కడ రాజూ లేడు, చక్రవర్తీ లేడు.

మన దగ్గరా అంతే కదా. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో పోయింది, బ్రాందీ షాపులు మళ్ళీ తెరిచారు, అది నాకూ కడుపుకోతే. అయినా ఆ సారా వేలంపాటలు మాత్రం తిరిగి రాలేదు. అప్పుడు చేయిచేయి పట్టుకున్న ఆడవాళ్ళే రోజుకో రూపాయి దాచుకుంటూ జిల్లాలో పొదుపు సంఘాలు కట్టారు, మా అమ్మ పాస్‌బుక్ ఇంకా బీరువాలో ఉంది.

బాబాయ్, ఆ మెసేజ్ ఇంకెవరికైనా పంపాలనుకుంటే ఖైదీలు ఏడుగురని దిద్ది, అక్టోబరు 5 సంగతి కూడా చేర్చి పంపు.